నీళ్ల మాత్ర

"ముందు మా కోడలికి పెట్టి చూడమ్మా. నొప్పి పుడుతుందో లేదో తెలుస్తుంది," అంది అత్తగారు, నర్సు చేతిలో ఉన్న బీపీ పట్టీని అనుమానంగా చూస్తూ.

ఆమెకు రక్తపోటు ఉందన్న సంగతి అలా బయటపడింది. ఆ రోజు ఆమె ఆసుపత్రికి వెళ్లింది తన కోసం కాదు. అత్తగారి మోకాళ్ల కోసం వెళ్లింది. ఒక చేతిలో అత్తగారి పాత చీటీల సంచీ, ఇంకో చేతిలో అత్తగారి చెప్పులు పట్టుకుని నిలబడి ఉంది. లావుపాటి ఆ నర్సు నవ్వి, "సరే, నువ్వే రామ్మా," అని ఆమెను కూర్చోబెట్టి పట్టీ చుట్టింది. గాలి కొట్టింది, దింపింది. మళ్లీ కొట్టింది. ఈసారి నవ్వలేదు.

"నూట డెబ్బై ఆరు, కింద నూట ఎనిమిది. తలనొప్పి అదీ రావడం లేదూ?"

"వస్తుంది. అది ఎప్పుడూ ఉండేదేగా," అంది ఆమె. నిజంగానే ఆమె అలాగే అనుకుంటూ వచ్చింది. ముఖానికి ముక్కు ఉన్నట్టు తలకి ఒక నొప్పి ఉంటుందని.

"నొప్పేం పుట్టలేదుగా?" అని ధైర్యం తెచ్చుకుని అత్తగారు తన చెయ్యి చాపింది. ఆవిడకి నూట ముప్పై ఉంది. దేవుడి దయ అనుకుంది ఆవిడ.

డాక్టరు రెండే నిమిషాలు మాట్లాడాడు. రోజూ ఉదయం ఒకే వేళకి ఒక మాత్ర వేసుకోవాలన్నాడు. అది ఒంట్లోంచి ఉప్పునీ నీళ్లనీ బయటికి తోసేస్తుందనీ, ఎక్కువసార్లు బాత్రూంకి వెళ్లాల్సి వస్తుందనీ, కంగారు పడొద్దనీ చెప్పాడు. నెల తర్వాత రమ్మన్నాడు. ఎక్కడ పని చేస్తారని అడగలేదు. మందుల షాపు అతను మాత్రల పట్టీ కత్తిరించి ఇస్తూ, "నీళ్ల మాత్ర ఇది. ఉదయమే వేసుకోండి, లేకపోతే నిద్ర ఉండదు," అన్నాడు.

ఆమె భర్త డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతాడు. బ్రేకు ఏదో, క్లచ్ ఏదో తెలియని వాళ్లకి రోజంతా ఓపిగ్గా చెప్తాడు, అందుకని ఇంటికొచ్చేసరికి ఆ ఓపిక మిగలదు. సంగతి విని, "నీకు బీపీ ఏంటి? నీతో వేగుతున్నందుకు నాకు రావాలి గానీ," అన్నాడు. ఆ మాట ఆయనకే బాగా నచ్చింది. పక్కింటాయనకి చెప్పాడు, ఫోన్లో చెల్లెలికి చెప్పాడు, స్కూటరు బాగుచేసే మనిషికి కూడా చెప్పాడు. ప్రతిసారీ అందరూ నవ్వారు. అయిదోసారికి ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే, "ఇప్పుడు మళ్లీ బీపీ పెరిగిందా?" అంటాడని.

ఇంట్లో మాత్రల పని అంతా మొదటినుంచీ ఆమెదే. అత్తగారి మాత్రలు రెండు టిఫిను తర్వాత. ఆయన కడుపుమంట మాత్ర టిఫినుకి అరగంట ముందు. గ్లాసుతో నీళ్లు, పక్కన మాత్ర పెట్టి మూడుసార్లు గుర్తుచేస్తే గానీ ఆయన వేసుకోడు. నాలుగోసారి గుర్తుచేస్తే విసుక్కుంటాడు, చెయ్యకపోతే సాయంత్రం కడుపు పట్టుకుని, "నాకొకటి చూసిపెట్టే దిక్కు లేదు," అంటాడు. ఎవరిది ఏ రంగో, ఎవరిది ఎన్ని మిగిలాయో ఆమెకు కళ్లు మూసుకున్నా తెలుసు. తన పట్టీ మాత్రం టీపొడి డబ్బా వెనక పెట్టుకుంది. వేసుకున్నావా అని అడిగిన వాళ్లు లేరు. అడుగుతారని ఆమె అనుకోనూ లేదు.

ఫ్యాక్టరీలో ఆమెను కాలర్లక్క అంటారు. యూనిఫాం చొక్కాలు కుట్టే లైను అది, ముప్పైమంది ఆడవాళ్లు. ఒకరు జేబులు, ఒకరు చేతులు, ఒకరు పట్టీలు. పదకొండేళ్లుగా ఆమెవి కాలర్లు. ఆమె దగ్గర ఆలస్యమైతే చేతులు అతికే పిల్ల దగ్గర పని ఆగుతుంది, ఆ పిల్ల దగ్గర ఆగితే చివరి దాకా అందరి దగ్గరా ఆగుతుంది. లైను చివర సూపర్‌వైజరు బల్ల, బల్ల పక్కన గోడకి ఒక మేకు, మేకుకి ఒక ప్లాస్టిక్ టోకెను. బాత్రూంకి వెళ్లాలంటే ఆ టోకెను తీసుకుని వెళ్లాలి, తెచ్చి మళ్లీ తగిలించాలి. మేకు ఖాళీగా ఉంటే ఎవరో వెళ్లారన్నమాట, ఆగాలి. ముప్పైమందికీ ఒకటే టోకెను. వెళ్లిన వేళ, వచ్చిన వేళ సూపర్‌వైజరు పుస్తకంలో రాసుకుంటాడు.

ఈ టోకెనుతో ఎలా బతకాలో చేరిన కొత్తలోనే ఆమెకు నేర్పింది కాజాల పిన్ని. బొత్తాలకి కాజాలు తీసే మిషను ఆవిడది, ఆమె పక్కనే. "పొద్దున్న ఒక గుక్క, మధ్యాహ్నం ఒక గుక్క. అంతకి మించి తాగకు. ఒంటె బతకట్లేదా?" అంది. పిన్ని తెచ్చుకునే సీసా ఏ రోజుకి ఆ రోజు నిండుగానే ఇంటికి వెళ్తుంది. ఆమె కూడా ఒంటెలా బతకడం నేర్చుకుంది. అది కష్టమని కూడా మర్చిపోయింది.

నీళ్ల మాత్ర మొదలుపెట్టిన వారం ఆ విద్య పనికిరాకుండా పోయింది. మధ్యాహ్నం లోపల నాలుగుసార్లు లేవాల్సి వచ్చింది. మొదటి రోజు సూపర్‌వైజరు తలెత్తి చూశాడు. రెండో రోజు గడియారం చూశాడు. మూడో రోజు లైనంతా వినేలా, "ఏంటమ్మా, సగం కాలర్లు అక్కడ కుడుతున్నావా?" అన్నాడు. జేబుల వాళ్లు నవ్వారు. అతను చెడ్డవాడేం కాదు. ఆమె తమ్ముడి వయసు. భుజం నొప్పి అంటే చాలు, బల్ల సొరుగులోంచి నొప్పి మాత్ర తీసి ఇస్తాడు. ఎన్ని అడిగితే అన్ని. కాలర్లు తిప్పి తిప్పి ఆమె కుడి భుజం ఎప్పుడో అరిగిపోయింది, వారానికి నాలుగు రోజులైనా ఆ మాత్ర మింగుతుంది. అవి ఇవ్వడానికి అతనికి పుస్తకం అక్కర్లేదు. చెయ్యి ఆగకుండా ఉండటానికి ఇచ్చేది కదా.

శుక్రవారం మేకు ఖాళీగా ఉంది. ఎవరు తీసుకెళ్లారో, రావడం లేదు. ఆమె రెండు కాళ్లూ దగ్గరికి బిగించి కుడుతూ కూర్చుంది. ఒక కాలరు అయ్యింది. మేకు ఖాళీ. ఇంకొకటి అయ్యింది. లేచి నిలబడితే అసలే ఆగదని తెలుస్తోంది, కూర్చుంటే ఎంతసేపు ఆగుతుందో తెలియడం లేదు. ఏడో కాలరు దగ్గర ఒళ్లు ఆమె మాట వినడం మానేసింది. వెచ్చగా తెలిసింది, తర్వాత చల్లగా తెలిసింది. సూది మాత్రం నడుస్తూనే ఉంది. ఆ పూట కుట్టిన ఏడు కాలర్లూ ఒక్క వంకర లేకుండా వచ్చాయి.

కాజాల పిన్ని మిషను ఆగింది. ఆవిడ వంగి చూసింది, తల తిప్పుకుంది. మరుక్షణం ఆవిడ మోచెయ్యి తగిలి నీళ్ల సీసా ఇద్దరి మధ్యా కింద పడింది. మూత లేదు. "అయ్యయ్యో, చూసుకోలేదే! నీ బట్టలన్నీ తడిపేశానే తల్లీ!" అని గట్టిగా అరిచింది పిన్ని. పిన్ని ఏమీ తాగదు కాబట్టి సీసా నిండుగా ఉంది, నీళ్లు బాగా పారాయి. సూపర్‌వైజరు విసుగ్గా గుడ్డ తెచ్చి తుడవమన్నాడు. ఇద్దరూ వంగి తుడిచారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

సోమవారం ఆమె మాత్ర వేసుకోలేదు. మంగళవారమూ వేసుకోలేదు.

ఆదివారాలు వేసుకునేది. ఇంట్లో ఉంటుంది, బాత్రూం పది అడుగుల దూరం, టోకెను లేదు. ఆరు రోజులు మానేసిన దానికి ఏదో లోటు పూడ్చినట్టు ఉంటుందని ఆదివారం రెండు కలిపి మింగేది. తప్పో ఒప్పో ఎవర్నీ అడగలేదు. మొక్కలకి నీళ్లు పొయ్యడం మర్చిపోతే మర్నాడు రెండు చెంబులు పోస్తాం, అలాంటిదే అనుకుంది.

నెల తర్వాత వెళ్లింది. పక్కన భర్త కూర్చున్నాడు. నర్సు చూస్తే నూట డెబ్బై రెండు. డాక్టరు కాగితంలోంచి తల ఎత్తకుండా అడిగాడు. "మాత్ర రోజూ వేసుకుంటున్నారా?"

చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? మేకు దగ్గరా? ఏడో కాలరు దగ్గరా? పక్కన ఆయన ఉన్నాడు. ఆ మాట ఆయన విన్నాడంటే ఇంటికి వెళ్లేలోపల అది కూడా ఒక హాస్యమవుతుంది, పక్కింటాయనకి, స్కూటరు మనిషికి. "వేసుకుంటున్నానండీ," అంది.

"అయితే ఇది సరిపోవడం లేదు," అని డాక్టరు ఆ మాత్ర మోతాదు పెంచాడు, దానికి తోడు ఇంకొకటి రాశాడు. తిరిగి వస్తుంటే ఆయన, "ఎంత మందైనా నీ ఒంటికి ఎక్కదు. నా మాటే ఎక్కదు, ఇక మందేం ఎక్కుతుంది," అన్నాడు. ఆమె సంచీలో కొత్త పట్టీలు చప్పుడు చేస్తున్నాయి.

ఆ వచ్చిన ఆదివారం ఆడపడుచు, ఆమె భర్త, పిల్లలు భోజనానికి వచ్చారు. ఆమె అయిదింటికి లేచింది. పెంచిన మాత్రలు రెండు, కొత్తది ఒకటి, మొత్తం మూడు ఖాళీ కడుపున వేసుకుంది. ఏడింటికి కూరలు తరిగింది. ఎనిమిదింటికి అందరికీ టీ ఇచ్చింది, తను తాగలేదు. మధ్యలో ఎన్నోసార్లు బాత్రూంకి వెళ్లింది. నోరు ఎండిపోతోంది. పొయ్యిమీది గిన్నె దింపాక నీళ్లు తాగుదాం అనుకుంది. గిన్నె దిగింది, ఇంకోటి ఎక్కింది. హాల్లోంచి ఆయన గొంతు వినిపిస్తోంది, "నీకు బీపీ ఏంటి, నాకు రావాలి అన్నాను," అని. చెల్లెలి భర్త నవ్వుతున్నాడు. ఆడపడుచు నవ్వడం వినిపించలేదు.

కింది అరలోంచి పెద్ద పళ్లెం తియ్యడానికి వంగింది. పళ్లెం చేతికి వచ్చింది. లేచింది. లేస్తుంటే వంటగది నాలుగు వైపుల నుంచీ నల్లగా దగ్గరికి వచ్చింది.

మళ్లీ తెలివి వచ్చేసరికి ముందు వినిపించింది అత్తగారి గొంతు. "పొయ్యి కట్టెయ్యండ్రా ముందు, అడుగంటుతోంది!" తర్వాత ఆయన గొంతు. భయపడ్డ గొంతే, కానీ భయం ఆయన నోట్లోంచి ఎప్పుడూ కోపంగానే వస్తుంది. "ఇంతమంది వచ్చిన రోజే పడాలా?"

నుదుటి మీద వెచ్చగా కారుతోంది. గట్టు అంచు తగిలింది. ఎవరో ఆమె తలని ఒళ్లో పెట్టుకుని గుడ్డ అదిమి పట్టారు. ఆడపడుచు. "నువ్వు నోరు ముయ్యి అన్నయ్యా. బండి తియ్యి," అంటోంది. ఆ ఇంట్లో ఆయన్ని ఎవరైనా నోరు ముయ్యమనడం ఆమె అదే మొదటిసారి వినడం. కళ్లు తెరిచి చూద్దామనుకుంది గానీ ఓపిక లేకపోయింది.

ఆసుపత్రిలో ఆ లావుపాటి నర్సే ఉంది. నుదుటికి మూడు కుట్లు పడ్డాయి. పట్టీ చుట్టి చూసింది, ఇంకో చేతికి చుట్టి మళ్లీ చూసింది. "ఎనభై నాలుగు, కింద యాభై," అని, సెలైను పెట్టించి, గుమ్మంలో నిలబడ్డ భర్తని చూసి, "మీరు వెళ్లి కింద చీటీ రాయించుకుని రండి," అంది. ఆయన వెళ్లాక స్టూలు లాక్కుని కూర్చుంది.

"మొన్న నూట డెబ్బై రెండు ఉన్న మనిషికి ఇవాళ ఎనభై నాలుగు. ఈ తేడా మాత్రది కాదు, వేసుకోవడంలో ఉంది. నేనేం అననులే. చెప్పు."

ఆమె పైకప్పు చూస్తూ చెప్పింది. మేకు గురించి చెప్పింది. ఏడు కాలర్ల గురించి చెప్పింది. ఆదివారాల గురించి చెప్పింది. చెబుతుంటే ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. ఎవరిదో సంగతి చెబుతున్నట్టు గొంతు మామూలుగానే ఉంది. నర్సు మధ్యలో అడ్డుపడలేదు. చివరికి నిట్టూర్చి, "మాదీ అంతే తల్లీ. ఇరవై మంచాలు, ఇద్దరం. డ్యూటీ ఎక్కినప్పుడు వెళ్తే దిగాకే మళ్లీ," అంది. సెలైను వేగం సరిచూసి, "డాక్టరుకి నేను చెప్పనా?" అంది.

"వద్దు సిస్టర్. నేనే చెప్తాను."

డాక్టరూ, చీటీతో భర్తా ఒకేసారి వచ్చారు. ఆయన బయటికి వెళ్తాడేమోనని ఆమె ఒక్క క్షణం చూసింది, వెళ్లలేదు. సరే, ఉండనీ అనుకుంది. "నేను మాత్ర రోజూ వేసుకోలేదండీ. ఆదివారం రెండేసి వేసుకున్నాను. ఫ్యాక్టరీలో బాత్రూంకి వెళ్లనివ్వరు. ఒకసారి కూర్చున్న చోటే అయిపోయింది. అందుకని మానేశాను."

ఆయన చేతిలో చీటీ మడతపెట్టాడు, విప్పాడు, మళ్లీ మడతపెట్టాడు.

"ఆ రోజే చెప్పాల్సింది కదమ్మా," అన్నాడు డాక్టరు.

"వేసుకుంటున్నారా అని అడిగారు. ఎందుకు వేసుకోవట్లేదని అడగలేదండీ."

డాక్టరు కలం మూత పెట్టి, మొదటిసారి ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ రోజు ఆయన చాలాసేపు మాట్లాడాడు. ఒక రోజు మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలనీ, మర్నాటి వేళ దగ్గరపడితే పోయింది పోయిందని వదిలెయ్యాలనీ, రెండు కలిపి ఎప్పుడూ మింగకూడదనీ చెప్పాడు. పడకపోతే తన దగ్గరికి రావాలి గానీ తనంతట తను ఆపకూడదన్నాడు. తాను మోతాదు పెంచింది ఆమె రోజూ వేసుకుంటోందనుకునే కదా అన్నాడు. వేరే మాత్రలేమైనా వాడుతున్నారా అంటే ఆమె సొరుగులోంచి వచ్చే నొప్పి మాత్రల సంగతి చెప్పింది. ఆయన ముఖం మారింది. "వారానికి నాలుగు రోజులా? ఆ రకం మాత్రలు బీపీని పెంచుతాయి. ఈ నీళ్ల మాత్రతో కలిస్తే మూత్రపిండాలకి కూడా ముప్పు. ఇక ముట్టుకోకండి. భుజానికి వేరే దారి చూద్దాం."

రక్తపరీక్షకి రాశాడు. నీళ్ల మాత్ర తీసేసి, దానితో పాటు ఇచ్చిందీ ఆపేసి, వేరే రకం ఒక్కటే రాశాడు. బీపీ కుదుటపడ్డాక మూడో రోజు నుంచి మొదలుపెట్టమన్నాడు. "దీనికి బాత్రూం గొడవ ఉండదు. కాళ్లు వాచినా, లేవగానే తల తిరిగినా వచ్చి చెప్పండి. రెండు వారాలకి రండి."

"హమ్మయ్య. ఇక ఆ గొడవ లేదు," అన్నాడు భర్త.

ఇంటికి వెళ్లే దారిలో బండి సిగ్నలు దగ్గర ఆగినప్పుడు ఆయన అన్నాడు, రోడ్డు వైపే చూస్తూ. "అంతమంది ముందు ఆ మాట చెప్పాలా?"

"అంతమంది ఎవరండీ? డాక్టరు, నర్సు, మీరు."

ఆయన బండి ముందుకి నడిపాడు. ఆ సంగతి ఆయన పక్కింటాయనకి చెప్పలేదు, స్కూటరు మనిషికీ చెప్పలేదు. బీపీ హాస్యం కూడా ఆ తర్వాత ఆమె చెవిన పడలేదు. అది సిగ్గో, జాలో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

మూడు రోజులు మంచంలో ఉంది. ఆడపడుచు ఉండిపోయి వండింది. అత్తగారు తన మాత్రలు తానే వేసుకోవడానికి పట్టీలు కిటికీ దగ్గర పెట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. పడుకుని ఆమె ఒకటే ఆలోచించింది. డాక్టరు మంచివాడే, మాత్ర మార్చేశాడు. ఆయన మార్చగలిగింది అదొక్కటే. కొత్త మాత్రతో ఆమె మళ్లీ ఒంటెలా బతకొచ్చు. అందరూ హమ్మయ్య అనుకుంది అందుకేగా. కానీ తను పదకొండేళ్లు ఆపుకున్నది ఏ మాత్ర వల్ల? ఆరు నెలల గర్భంతో జేబులు కుట్టిన అమ్మాయి ఆపుకుంది. నెలసరి రోజుల్లో అందరూ ఆపుకున్నారు. పిన్ని నీళ్ల సీసా పదకొండేళ్లుగా నిండుగా ఇంటికి వెళ్తోంది. వాళ్లెవరికీ నీళ్ల మాత్ర లేదు.

నాలుగో రోజు పనికి వెళ్లింది. ఉదయం ఆరున్నరకి కొత్త మాత్ర వేసుకుంది, అందరి మాత్రలకంటే ముందు. నుదుటి కట్టు చూసి సూపర్‌వైజరు లేచి వచ్చాడు. "అయ్యో, ఏమైందమ్మా? నొప్పిగా ఉందా?" అంటూ సొరుగు లాగబోయాడు.

"అవి నాకు పడవు సార్. డాక్టరు వద్దన్నాడు," అని వెళ్లి కూర్చుంది. సంచీలోంచి నీళ్ల సీసా తీసి మిషను పక్కన పెట్టింది. పదింటికి సగం తాగింది. కాజాల పిన్ని కాజా మధ్యలో ఆపి చూసింది. పదకొండుకి మిగతా సగం తాగింది. చల్లగా కడుపు దాకా దిగడం తెలిసింది.

పదకొండున్నరకి మిషను ఆపి, మెల్లగా, కుర్చీ పట్టుకుని లేచింది. మేకు ఖాళీగా ఉంది. ఆమె మేకు దాటి నడిచింది.

"అమ్మా, టోకెన్ లేదు. ఎవరో వెళ్లారు. ఆగండి," అన్నాడు సూపర్‌వైజరు.

"టోకెన్ అడగట్లేదు సార్. వెళ్తున్నానని చెప్తున్నాను."

అతను కలం తెరిచి గడియారం చూశాడు. లైనులో రెండు మూడు మిషన్లు ఆగాయి. లోపల రెండు గదులున్నాయి. ఒకటి మూసి ఉంది, ఒకటి ఖాళీ. పదకొండేళ్లుగా గదులు రెండు ఉన్నాయని, ఒక్కటే ఉన్నది టోకెనని ఆమెకు అప్పుడు తట్టింది. తలుపు వేసుకుంది. పైన చిన్న కిటికీలోంచి ఎండ పడుతోంది. తొందర లేకుండా కూర్చుంది.

కాసేపటికి ఎవరో తలుపు తట్టారు. చేతులు అతికే పిల్ల గొంతు, కంగారుగా. "అక్కా, ఇంకా ఎంతసేపని సారు అడిగి రమ్మన్నాడు."

"అయ్యేంతసేపు అని చెప్పు," అంది ఆమె.